వడిసెల విడిచిన చేతులు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో, నేటి తాతల బాల్యమున, వ్యాయామమను పేర వేరొక కార్యము లేకుండెను. జొన్నచేలు పాలుపోసుకొను వేళ మంచెయెక్కి, వడిసెల గిరగిర త్రిప్పి రాయి విసరి పిట్టలను తోలుటయు, మోటకొట్టు తండ్రికి తోడుగా ఎడ్లను ముందునకు వెనుకకు నడుపుటయు, పశువుల వెంట పగలెల్ల బీళ్లలో తిరుగుటయు, బెండు కట్టుకొని బావిలో ఈత నేర్చుటయు, వెన్నెలరాత్రులలో చెడుగుడు, చిర్రగోనె ఆడుటయు, ఇవియే పదునాలుగు పదునైదేండ్లవారి దేహమును తీర్చిన విద్యలు. ఆ వడిసెలయే 1946–51 నాటి తెలంగాణ సాయుధపోరాటమున, తుపాకులు చేతికి రాకమునుపు, పల్లెజనులకు ఆయుధమయ్యెను. సూర్యాపేట ప్రాంతపు కరివిరాల కొత్తగూడెమున 1931లో జన్మించిన మల్లు స్వరాజ్యం కౌమారముననే ఆ ఉద్యమమున ప్రవేశించి దళనాయకురాలైనది.

అంతమాత్రమున ఆ కాలమును కీర్తింపవలెనని నా భావము గాదు. ఆ శ్రమలో వెట్టి యుండెను, ఆకలి యుండెను, బడి మొగమెఱుగని బాల్యముండెను. దొరయింట జీతమున్న పసులకాపరి కాలిసత్తువ దొర మేలునకే గాని వాని మేలునకు గాదు.

1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరమునుండి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడువగా, లాల్‌బహదూర్ కాలువయని పేరొందిన ఎడమకాలువ మిర్యాలగూడ, కోదాడ సీమల మెట్టచేలను క్రమముగా మాగాణులుగా మార్చెను. జొన్న తగ్గెను, వరి పెరిగెను. మోటల స్థానమున ఇంజనులును, పిదప కరెంటు మోటార్లును వచ్చెను. మిర్యాలగూడ రైసుమిల్లులకు నెలవయ్యెను. వరి యిచ్చిన కలిమి ఎందఱో పిల్లలను బడికిని, ఆపై పట్టణముల కాలేజీ హాస్టళ్లకును పంపినది. ఇది మేలైన మార్పు. కాని దేహమునకు పనిచెప్పిన చేను దూరమైనపుడు, ఆ లోటు పూరింపవలసిన ఆటస్థలమును గూర్చి పెద్దలు తగినంతగా తలపోయలేదు. తెల్లవాఱినది మొదలు స్టడీ అవర్లు, తీరిక చిక్కిన సెల్‌ఫోను. ఇంటర్మీడియట్ చదువు పిల్లల దినచర్య పలుచోట్ల ఇంతకు కుదించుకొనిపోయినది.

5 మొదలు 17 ఏండ్లవారికి దినమునకు సగటున 60 నిమిషముల చురుకైన శరీరశ్రమ కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. 2016 నాటి ప్రపంచపు లెక్కలలో, 11–17 ఏండ్ల బాలురలో నూటికి 78 మందియు, బాలికలలో 85 మందియు అంతమాత్రమును చేయుటలేదు.

మా సీమకు ఆటపై మక్కువ లేదనరాదు. 2021 మార్చిలో సూర్యాపేటయందు జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు ఏర్పడగా, జనము క్రిక్కిఱిసిన గ్యాలరీ కూలి సుమారు నూరుమంది గాయపడిరి. చూచువారికి కొఱత లేదు. ఆడువారికి చదునైన నేలయు, నిత్యము ఒక గంట తీరికయు కావలెను. తల్లిదండ్రులారా, ఉపాధ్యాయులారా, టైంటేబులులోని ఆటలగంటను లెక్కల తరగతికి ధారపోయకుడు. ఆడపిల్లలను ముందుగా మైదానమునకు పంపుడు.