రంగోద్దీపనం: చానెల్ విలువల కలయిక

ఒకే లైటుకు ఒకేసారి రెండు ఆదేశాలు అందితే దేన్ని పాటించాలో తేల్చే పద్ధతి ఇది. ప్రధాన సూత్రాలు రెండు. ఎక్కువ విలువ నెగ్గితే హెచ్‌టీపీ, చివర వచ్చిన విలువ నెగ్గితే ఎల్‌టీపీ.

నెల్లూరులో వేదం వేంకటరాయశాస్త్రి ఆంధ్రభాషాభిమాని సమాజం నాటకాలాడిన రోజుల నుంచి పెట్రోమాక్సుల కాలం దాకా ఈ చిక్కు లేదు. 1885లో పుట్టిన సురభి నాటక సమాజం వారి అద్భుతమైన ట్రిక్కు సీన్లను సైతం మనుషుల చేతులే నడిపాయి.

హెచ్‌టీపీ సాఫ్ట్‌వేర్ కంటే పాతది. రెండు ప్రీసెట్ల బోర్డుల్లో ప్రతి చానెల్‌కూ రెండు ఫేడర్లుండేవి. వాటి 0–10 వోల్టుల సంకేతాలను డయోడ్లతో కలిపితే ఎక్కువ వోల్టేజి ఉన్నదే లైటు వెలుగును హెచ్చించి తగ్గించే డిమ్మర్‌కు చేరేది. 1975లో బ్రాడ్‌వే నాటకం ‘ఎ కోరస్ లైన్’కు థారన్ మస్సర్ ఎల్‌ఎస్-8 మెమరీ కన్సోల్ వాడి కొత్త దారి వేశారు. ఆ తర్వాతి మెమరీ బోర్డులు చాలావరకు డయోడ్ల సూత్రాన్నే లెక్కగా మార్చుకున్నాయి. 1981లో జెనెసిస్ బృందం కచేరీలకు వారీలైట్ కదిలే లైట్లు వచ్చాక ఆ సూత్రం చాలలేదు. లైటును తిప్పే చానెల్‌కు ఒక సీను 40, మరో సీను 200 చెబితే, హెచ్‌టీపీలో అది ఎప్పుడూ 200 వైపే చూస్తుంది. అందుకే దిశకు, రంగుకు ఎల్‌టీపీ స్థిరపడింది. 1986లో అమెరికా రంగస్థల సాంకేతిక సంస్థ యూఎస్‌ఐటీటీ రూపొందించి 1990లో సవరించిన డీఎమ్‌ఎక్స్512 ఒక కేబుల్‌పై 512 చానెళ్లను, ఒక్కోదానికి 0 నుంచి 255 దాకా విలువలను పంపుతుంది. అయితే కేబుల్లో వెళ్లేది తుది విలువే. తగవు తీర్చేది కన్సోలే.

కన్సోళ్లు ఒకటికి మించి ఉన్నప్పుడు తగవు తీర్చడానికి నెట్‌వర్క్ పద్ధతి ఎస్‌ఏసీఎన్ ఆదేశాలు పంపే ప్రతి మూలానికీ 0–200 ప్రాధాన్యం ఇస్తుంది; ఎక్కువ ఉన్నదే నెగ్గుతుంది. మామూలు విలువ 100. ల్యాప్‌టాప్‌లో నడిచే ఉచిత సాఫ్ట్‌వేర్ క్యూఎల్‌సీ ప్లస్ వెలుగు తీవ్రతకు హెచ్‌టీపీని, మిగతావాటికి ఎల్‌టీపీని పాటిస్తుంది. చిన్న సమాజాలకు ఇది గొప్ప వరం.

నెల్లూరు తీరాన బోగోలు, కావలి వైపు తిరునాళ్లలో వేసే పద్య నాటకానికి ఈ తేడా ముఖ్యం. ‘సత్య హరిశ్చంద్ర’ కాటిసీనులో చితిమంట కోసం ఎర్ర లైటును 30 నుంచి 90 శాతం మధ్య ఆడించాలనుకుందాం. అంతకుముందు సీనులో అదే లైటు 50 శాతం దగ్గర నిలిచి ఉంటే, హెచ్‌టీపీలో మంట 50 కంటే కిందికి దిగదు. ఎగసిపడుతుందే తప్ప ఆరబోయినట్టు కనబడదు. నిలిచి ఉన్న ఆ ముందు సీనులో ఎర్ర లైటును సున్నాకు దించితేనే చితి నిజమవుతుంది. పద్యానికి ‘వన్స్‌మోర్’ పడితే నటుడి మీది లైటు ఆరకూడదు. ఇక్కడ హెచ్‌టీపీయే మేలు: లైటు మనిషి చేతి ఫేడర్‌ను ఎత్తిపట్టుకుంటే చాలు, వెనక క్యూ ఎంత కిందికి దిగినా ఆ వెలుగు తగ్గదు.