పసుపు వైరు పని

చల్లపల్లిలో మా బాబాయి పాత పికప్‌కి ఆటో ఎలక్ట్రీషియన్ కొత్త స్టీరియో బిగిస్తుంటే పక్కన ఊరికే నిలబడ్డాను. సెట్టు వెనక జడలా వేలాడే వైర్లలోంచి రెండింటిని విడదీసి చూపించాడు. "ఎర్రది తాళం తిప్పితే వచ్చే కరెంటుకండీ. పసుపుది ఎప్పుడూ బ్యాటరీ మీదే ఉండాలి. రెండూ కలిపేశామంటే దీనికి మతిమరుపే."

నిజమే. రెండింటినీ తాళానికే తగిలిస్తే, బండి ఆపిన ప్రతిసారీ గడియారం పన్నెండుకి పోతుంది, పెట్టుకున్న స్టేషన్లు మాయమవుతాయి. నిద్రపోతున్న పెట్టెకి నిన్నటి సంగతి గుర్తుండటానికి ప్రత్యేకంగా ఒక వైరు! ఆ ముక్క తెగ నచ్చేసి, వారం రోజులు దాని చుట్టపక్కాల వెంట పడ్డాను.

పాత బొత్తాల రేడియోకి ఈ వైరు లేదు, దాని అవసరమూ లేదు. బొత్తాన్ని బయటికి లాగి గట్టిగా నొక్కితే, ముల్లు నిలిచిన చోటు లోపలి ఇనప ముక్కల్లోనే బిగుసుకునేది. బ్యాటరీ పీకేసి ఏడాది షెడ్డులో పడేసినా స్టేషను మరిచేది కాదు. అంకెలు వెలిగే ట్యూనర్లు వచ్చాక జ్ఞాపకం చిప్పులోకి వెళ్ళింది, దానికి రాత్రింబవళ్ళు మేత పెట్టాల్సొచ్చింది. దీన్ని అభివృద్ధి అనడానికి నాకు మనసొప్పదు. పైగా ఇప్పటి సెట్లలో స్పీకర్ల బరువంతా మోసేదీ పసుపుదే. ఎర్రది "లే" అని తట్టి లేపుతుందంతే. అందుకే పసుపు దారిలో ఫ్యూజు తప్పనిసరి.

డ్యాష్‌బోర్డులో సెట్టు కూర్చునే బెజ్జం మరో చుట్టం. అడ్డం 180 మిల్లీమీటర్లు, నిలువు 50. షాపులో దాన్ని "సింగిల్ డిన్" అంటారు. డిన్ అంటే జర్మనీ ప్రమాణాల సంస్థ పేరులోని పొడి అక్షరాలు. 1984లో వాళ్ళు 75490 నంబరుతో ఖాయం చేసిన కొలతే తర్వాత ఐఎస్ఓ 7736గా లోకమంతా తిరిగి, చల్లపల్లి పికప్ దాకా వచ్చింది. లోతు సంగతి మాత్రం ఆ కొలతలో లేదు. అందుకే కొత్త సెట్టు ముందు చక్కగా కూర్చుని వెనక ఇనప గోడని గుద్దుకుంది, రేకు కొంచెం వంచాల్సొచ్చింది.

అంతకుముందు సంగతా? 1930లో షికాగోలో గాల్విన్ సోదరులు కారు రేడియో అమ్మకానికి పెట్టారు. మోటారుకి విక్ట్రోలా తోక తగిలించి మోటరోలా అన్నారు. 1932లో జర్మనీ బ్లాపుంక్ట్ సెట్టు దాదాపు పదిహేను కిలోలు, 465 మార్కులు. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది గానీ, రేడియోకి పోస్టాఫీసులో లైసెన్సు కట్టే రోజుల్లో బండిలో పాట ఎందరికి కుదిరింది?

నా కాలం క్యాసెట్టుది. ఫిలిప్స్ వాళ్ళు 1963లో బయటికి తెచ్చిన ఆ ప్లాస్టిక్ డబ్బీ, ఎనభైల్లో మన రోడ్లనేలింది. లక్ష్మీపురం ఫ్యాక్టరీకి పోయే చెరుకు ట్రాక్టరు, అవనిగడ్డ నుంచి బెజవాడకి మలిపొద్దున బయల్దేరే జీపు, దేంట్లో చూసినా ఒక డెక్కు, సీటు వెనక చెక్క పెట్టెల్లో స్పీకర్లు. రికార్డింగ్ షాపుకి తెల్లకాగితం మీద పాటలు రాసిచ్చేవాళ్ళం. ఏ పాట తర్వాత ఏది రావాలో ఇంట్లో వాదన. అరవై నిమిషాలదే అడగాలి. తొంభైదానిలో టేపు పల్చన, గతుకుల్లో డెక్కు నమిలేసేది. ఎండాకాలం డ్యాష్‌బోర్డు మీద మరిచిన క్యాసెట్టు అప్పడంలా వంగిపోయేది. హెడ్డు మీద మసి పేరితే గాయకుడికి జలుబు చేసినట్టుండేది. పుల్లకి దూది చుట్టి స్పిరిట్‌లో ముంచి తుడిస్తే గొంతు విచ్చుకునేది. ఆ కాగితం మీద వరస కుదుర్చుకోవడం ఒక విద్య. ఫోను చేతికొచ్చాక పోయింది అదే. ఇప్పుడు పాట నచ్చకపోతే పదో సెకనుకే దాటేస్తున్నాం.

ఆ రోజుల గుర్తు ఒకటి పికప్‌లోనే దొరికింది. పాత స్పీకరుకి సెట్టు నుంచి ఒకే వైరు, రెండో కొస తలుపు రేకుకి స్క్రూతో బిగించి ఉంది. ఆనాటి సెట్లకి అది చెల్లింది. ఇప్పటి ఆంప్లిఫయరు స్పీకరు రెండు కొసల్నీ తానే నడుపుతుంది. ఏ కొస బాడీకి తగిలినా సెట్టు ఆగిపోతుంది, లేదా లోపలి ఐసీ కాలిపోతుంది. "ఇక్కడేనండీ కొత్త కుర్రాళ్ళు సెట్లు తగలెట్టేది" అంటూ ఆ స్క్రూ ఊడదీశాడు. తెలుపు, బూడిద, ఆకుపచ్చ, ఊదా, ఒక్కోదానికీ నల్లచార కవల. జతల వారీగా స్పీకర్ల దాకా లాగి, పసుపుని ఫ్యూజు మీదుగా నేరుగా బ్యాటరీకి కలిపాడు.

పని అయ్యేసరికి సాయంత్రం నాలుగు. సెట్టు పన్నెండు చూపించింది. బాబాయి గడియారం సరిచేసుకోలేదు, ఎలాగో కనుక్కోనూ లేదు. నెల దాటింది. పసుపు వైరు పుణ్యమాని ఆ పికప్ ఇవాళ్టికీ నాలుగు గంటల వెనక టైమునే నిక్కచ్చిగా గుర్తుపెట్టుకుంటోంది.