వేదికపై ‘స్టెయిర్‌వే టు హెవెన్’: ఒక రాక్ పాట ప్రదర్శన చరిత్ర

ఉపోద్ఘాతం

తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయము’ల్లోని ఒక పద్యం పుస్తకంలో నాలుగు పాదాలే. పాతకాలపు గ్రామఫోను పళ్ళెంలో అది మూడు నిమిషాలకు కుదించుకోవలసిందే. రంగస్థలంపై మాత్రం రాగం ఎంతసేపు సాగాలో, ‘వన్స్ మోర్’లు ఎన్ని పడాలో నటుడూ ప్రేక్షకులూ కలిసి ఆ రాత్రి తేల్చుకున్నారు. ఈ మూడింటిలో ఏది అసలు పద్యం అన్న ప్రశ్న మన నాటక పరిశోధకులకు సుపరిచితమే. పాశ్చాత్య రాక్ సంగీతాన్ని చరిత్రగా చదవబోయేవారికి కూడా మొదట ఎదురయ్యే ప్రశ్న ఇదే. అక్కడ లిఖిత పాఠం స్థానాన్ని స్టూడియో రికార్డు ఆక్రమించింది. వేదికపై జరిగినదంతా దానికి అనుకరణగానో, విస్తరణగానో లెక్కకు వస్తుంది.

ఈ దృష్టి ఎంతవరకు సరైనదో బ్రిటిష్ బృందం లెడ్ జెప్లిన్ పాట ‘స్టెయిర్‌వే టు హెవెన్’ ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఎనిమిది నిమిషాల రెండు సెకన్ల ఈ పాట 1971 నవంబరు 8న విడుదలైన ఆ బృందం నాలుగవ ఆల్బమ్‌లోనిది. అమెరికాలో దానిని విడిగా సింగిల్ రికార్డుగా అమ్మడానికి బృందం ఒప్పుకోలేదు. అయినా రేడియో ద్వారా అది ఇంటింటికీ చేరింది. అలా చేరిన రూపమే ‘పాట’గా స్థిరపడింది. కానీ 1971 నుండి 1980 వరకు వేదికపై దానికి స్థిరమైన రూపమంటూ లేదు. ఆ స్థిరత్వం తరువాతి కాలంలో, బృందం రద్దయ్యాక వచ్చింది.

రికార్డుకు ముందే ప్రదర్శన

కాలక్రమం చూస్తేనే మొదటి అపోహ తొలగిపోతుంది. ఈ పాటను తొలిసారి జనం ముందు వాయించినది 1971 మార్చి 5న, ఉత్తర ఐర్లండ్ రాజధాని బెల్‌ఫాస్ట్‌లోని అల్‌స్టర్ హాల్‌లో. అంటే ఆల్బమ్ విడుదలకు ఎనిమిది నెలల ముందు. హింసాత్మక ఘర్షణలతో అట్టుడుకుతున్న ఆ నగరానికి అప్పట్లో వెళ్ళిన రాక్ బృందాలు తక్కువ. ఈనాడు ఆ రాత్రిని చారిత్రకమంటున్నాం గాని, ఆనాటి ప్రేక్షకులకు అలా తోచలేదు. తమకు తెలిసిన పాట ఎప్పుడు వస్తుందా అని వారు విసుగ్గా ఎదురుచూశారని బాస్ గిటారు, కీబోర్డుల వాద్యకారుడు జాన్ పాల్ జోన్స్ తరువాతి కాలంలో గుర్తుచేసుకున్నాడు. కీర్తి ప్రతిష్ఠలు వచ్చాక ప్రతి ఆరంభానికీ ఒక జయజయధ్వానాన్ని చేర్చడం చరిత్ర రచనలో మామూలే. ఇక్కడ కళాకారుడి సాక్ష్యమే దానికి అడ్డు నిలుస్తోంది.

నెల తిరక్కుండానే, ఏప్రిల్ 1న, లండన్‌లోని పారిస్ థియేటర్‌లో బీబీసీ కోసం ఈ పాటను వాయించారు. జాన్ పీల్ పరిచయంతో అది ఏప్రిల్ 4న ప్రసారమైంది. 1997లో ‘బీబీసీ సెషన్స్’ పేరిట అధికారికంగా విడుదలైన ఈ రికార్డింగులో పాట కొంత బిడియంగా, జాగ్రత్తగా నడుస్తుంది. ఆగస్టులో లాస్ ఏంజెలస్ ఫోరమ్‌లో ప్రేక్షకులలో కొందరు లేచి నిలబడి చప్పట్లు కొట్టారనీ, ఇంకా విడుదల కాని పాటకు ఆ స్పందన చూసి ఆశ్చర్యపోయామనీ గిటారు వాద్యకారుడు జిమ్మీ పేజ్ చెప్పాడు. సభ మొత్తం లేవలేదని కూడా ఆయనే చెప్పడం గమనించదగినది.

వాద్యాల సమస్య, రూపపు మార్పు

స్టూడియోలో పొరలు పొరలుగా పేర్చిన ఈ పాటను నలుగురు మనుషులు యథాతథంగా వాయించడం సాధ్యం కాదు. రికార్డులో ఆరంభం అకూస్టిక్ గిటారుతో. దాని పక్కన జోన్స్ వాయించిన రికార్డర్లు, అంటే నిలువు కొయ్య వేణువులు వినిపిస్తాయి. నడుమ పన్నెండు తంతుల గిటారు. చివర పేజ్ టెలికాస్టర్ గిటారుపై వాయించిన ఏకవాద్య ఖండం. ప్రదర్శనలో ఇన్ని గిటార్లు మార్చే వ్యవధి ఉండదు. అందుకే పేజ్ గిబ్సన్ సంస్థ తయారుచేసిన రెండు మెడల గిటారును చేపట్టాడు. ఆరు తంతుల మెడపై ఆరంభమూ ఏకవాద్యమూ, పన్నెండు తంతుల మెడపై నడిమి భాగమూ నడిచేవి. తరువాతి కాలపు పోస్టర్లలో వైభవచిహ్నంగా మారిన ఈ వాద్యం నిజానికి అవసరం కొద్దీ వచ్చింది.

వేణువుల స్థానాన్ని ముందు విద్యుత్ పియానో, 1972 నుండి మెలోట్రాన్ అనే కీబోర్డు వాద్యం తీసుకున్నాయి. మెలోట్రాన్‌లో ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క టేపు ఉంటుంది. మెట్టు నొక్కితే ఆ టేపుపై ముందే పట్టి ఉంచిన వాద్యనాదం మోగుతుంది. జోన్స్ చేతులు కీబోర్డు మీద ఉన్నంతసేపు బాస్ గిటారు ఉండదు. ఆ లోటును ఆయన పాదాలతో తొక్కే బాస్ మెట్లు కొంత పూరించేవి. జాన్ బోనమ్ డ్రమ్స్ మొదలైనప్పుడు వేదికపై పాట రికార్డుకన్నా బరువుగా దిగుతుంది.

వీటన్నిటికన్నా ముఖ్యమైన మార్పు ఏకవాద్యంలో వచ్చింది. రికార్డులో అది నిమిషం లోపు. పేజ్ దానిని స్టూడియోలో మూడు విధాలుగా వాయించి ఒకదాన్ని ఎంచుకున్నాడు. అంటే రికార్డులోనిది కూడా పాఠాంతరాలలో ఒకటే. ఎంపికైంది కనుక ప్రామాణికమైంది. వేదికపై పేజ్ ఆ ఎంపికకు కట్టుబడలేదు. తెలిసిన మొదటి పలుకుతో మొదలుపెట్టి, తరువాత తనకు తోచిన దారిన వెళ్ళేవాడు. 1972 జూన్‌లో లాస్ ఏంజెలస్‌లో తొమ్మిది నిమిషాలు దాటిన పాట 1973 జూలైలో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పదకొండు నిమిషాలకు చేరింది. 1980 జూలై 7న బెర్లిన్‌లో దాదాపు పద్నాలుగు నిమిషాలు సాగింది. గాయకుడు రాబర్ట్ ప్లాంట్ సైతం పంక్తుల మధ్య సొంత మాటలు చేర్చేవాడు. నవ్వును గూర్చి ఆయన ప్రేక్షకులను అడిగే ప్రశ్న అచ్చు సాహిత్యంలో లేదు. సినిమా చూసినవారికి మాత్రం అది పాటలో భాగమే.

క్రమంలో స్థానం కూడా మారింది. తొలి సంవత్సరాలలో ఇది కార్యక్రమం నడుమ వచ్చే పాటల్లో ఒకటి. 1975 పర్యటన నుండి ప్రధాన కార్యక్రమానికి ముగింపుగా మారింది. ఈ మార్పు చిన్నదిగా కనిపిస్తుంది గాని, నా దృష్టిలో పాట జీవితంలో ఇదే అసలైన మలుపు. నడుమ ఉన్న పాట బాగా కుదరకపోయినా తరువాతి పాట దానిని కప్పిపుచ్చుతుంది. చివరి పాటకు ఆ వెసులుబాటు లేదు. అంతకుముందు జరిగినదానికంతటికీ అది ఫలశ్రుతి కావాలి.

ఆధారాలు ఎవరివి?

పైన చెప్పిన నిడివులు, మార్పులు మనకెలా తెలిశాయి? అధికారిక విడుదలలు ఇక్కడ జాగ్రత్తగా వాడవలసిన ఆధారాలు. 1976లో వచ్చిన ‘ది సాంగ్ రిమైన్స్ ది సేమ్’ చలనచిత్రం 1973 జూలై 27, 28, 29 తేదీల ప్రదర్శనలను కత్తిరించి అతికించినది. దృశ్యాలు చాలక 1974లో షెపర్టన్ స్టూడియోలో వేదికను మళ్ళీ అమర్చి కొంత చిత్రీకరించారు. అప్పటికి జుట్టు కత్తిరించుకున్న జోన్స్ విగ్గు పెట్టుకోవలసి వచ్చింది. 2003లో విడుదలైన ‘హౌ ది వెస్ట్ వాజ్ వన్’ ఒకే రాత్రి కచేరీలా వినిపించినా, అది 1972 జూన్ 25, 27 తేదీల రెండు ప్రదర్శనల కూర్పు. తాళపత్ర ప్రతులను పోల్చి ఒక శుద్ధప్రతిని తయారుచేసే పరిష్కర్త పని వంటిదే ఇది. తేడా ఒక్కటే: పరిష్కర్త పాఠాంతరాలను అధోజ్ఞాపికలలో చూపుతాడు, సౌండ్ ఇంజనీరు చూపడు.

పరిష్కరణకు లోబడని ఆధారం ప్రేక్షకులు రహస్యంగా పట్టిన టేపులు. ఇవి దొంగ రికార్డులు. బృందం మేనేజర్ పీటర్ గ్రాంట్ వీటిపై చూపిన ఆగ్రహం ప్రసిద్ధం. 1971లో వాంకోవర్‌లో ఒక యంత్రాన్ని దొంగ రికార్డరుగా భావించి ధ్వంసం చేయించాడు. తీరా అది అధికారులు శబ్దస్థాయిని కొలవడానికి తెచ్చిన పరికరం. కళాకారుడి హక్కు దృష్ట్యా గ్రాంట్ కోపంలో న్యాయం లేకపోలేదు. అయితే ఆయన తరిమిన మనుషులే లేకపోతే ఈ పాట పదేళ్ళ రంగస్థల జీవితం మూడు నాలుగు శుద్ధప్రతులకు కుదించుకుపోయేది. పరిశోధకుడు వాడుకునే భాండాగారం నేరంతో మొదలైనదన్న అసౌకర్యాన్ని దాచిపెట్టడం కన్నా ఒప్పుకోవడమే మేలు.

పత్రమా, ప్రయోగమా అన్న వివాదం న్యాయస్థానానికి కూడా వెళ్ళింది. స్పిరిట్ బృందం వాద్యరచన ‘టారస్’ నుండి ఈ పాట ఆరంభాన్ని గ్రహించారని వేసిన దావాలో 2016 జూన్‌లో లాస్ ఏంజెలస్ జూరీ లెడ్ జెప్లిన్ పక్షాన తీర్పు చెప్పింది. 2018లో అప్పీలు న్యాయస్థానం పునర్విచారణకు ఆదేశించినా, 2020 మార్చిలో అదే న్యాయస్థానపు విస్తృత ధర్మాసనం జూరీ తీర్పును నిలబెట్టింది. అక్టోబరులో సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. ఇక్కడ మనకు అవసరమైన అంశం ఒక్కటే. 1909 నాటి అమెరికా కాపీహక్కు చట్టం కిందకు వచ్చే ‘టారస్’ విషయంలో రక్షణ పొందేది కార్యాలయంలో దాఖలు చేసిన స్వరలిపి ప్రతి మాత్రమే; రికార్డింగు కాదు. రెండు బృందాలూ 1968 డిసెంబరు 26న డెన్వర్‌లో ఒకే వేదిక ఎక్కాయి. అయినా పోలికను తేల్చేటప్పుడు చట్టం చూసినది కాగితాన్నే.

నిరాకరణ, స్మరణ

1980 సెప్టెంబరు 25న బోనమ్ మరణించాడు. డిసెంబరు 4న బృందం తాము ఇక కొనసాగలేమని ప్రకటించింది. ఆ తరువాతి ప్రదర్శనలు వేళ్ళమీద లెక్కించదగినవి. 1983 సెప్టెంబరు 20న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో జరిగిన సహాయార్థ కచేరీలో పేజ్ దీనిని గాయకుడు లేకుండా, వాద్యంగా మాత్రమే వినిపించాడు. 1985 జూలై 13న ఫిలడెల్ఫియాలో లైవ్ ఎయిడ్ వేదికపై మిగిలిన ముగ్గురూ కలిశారు. డ్రమ్స్‌పై ఫిల్ కాలిన్స్, టోనీ థాంప్సన్. సాధన చాలలేదు, ప్లాంట్ గొంతు బొంగురుపోయింది. 2004లో ఆ కచేరీ డీవీడీగా వచ్చినప్పుడు తమ భాగాన్ని చేర్చడానికి బృందం అనుమతించలేదు. 1988 మే 14న అట్లాంటిక్ రికార్డ్స్ నలభై ఏళ్ళ వేడుకలో బోనమ్ కుమారుడు జేసన్ డ్రమ్స్ వాయించాడు. ఆ రోజు ఈ పాట పాడడానికి ప్లాంట్ చివరిదాకా విముఖంగా ఉన్నాడు.

ఈ విముఖతను కళాకారుడి అలకగా కొట్టిపారేయడం సులువు. 1990లలో పేజ్, ప్లాంట్ కలిసి చేసిన పర్యటనల్లో ఈ పాట లేదు. ఇరవైల వయసులో రాసిన మాటలతో తనకు ఇప్పుడు సంబంధం తెగిపోయిందని ప్లాంట్ పలుమార్లు చెప్పాడు. పోర్ట్‌లాండ్‌లోని ఒక శ్రోతల విరాళాల రేడియో ఈ పాటను ఇక ఎప్పుడూ వేయమని మాటిస్తే, ఆయన పదివేల డాలర్లు చందా ఇచ్చాడు. ఆయన తప్పించుకోజూసినది పాట నుండి కాదని నా అభిప్రాయం. రేడియో స్థిరపరచిన ఆ ఎనిమిది నిమిషాల నుండి. రాత్రికొక రూపం తీసుకునే స్వేచ్ఛ పోయాక గాయకుడికి మిగిలేది పునరుచ్చారణే.

2007 డిసెంబరు 10న లండన్ ఓ2 అరీనాలో, అట్లాంటిక్ స్థాపకుడు అహ్మెత్ ఎర్తెగున్ స్మారక కచేరీని ఈ కోణంలో చదవాలి. ఆ రాత్రి ‘స్టెయిర్‌వే టు హెవెన్’ చివర రాలేదు. అది ముగిశాక ‘కశ్మీర్’తో సహా మరికొన్ని పాటలు వాయించారు. ఏకవాద్యం రికార్డుకు దగ్గరగా, అదుపులో ఉంది. 1975లో మోపిన ఫలశ్రుతి బాధ్యతను దించి, పాటను 1971 నాటి చోటికి, పాటల్లో ఒక పాటగా తిరిగి తేవడం ఇక్కడ కనిపిస్తుంది. ఐదేళ్ళ తరువాత, 2012 డిసెంబరులో వాషింగ్టన్ కెనెడీ సెంటర్‌లో హార్ట్ బృందపు విల్సన్ సోదరీమణులు బృందగాయకులతో దీనిని పాడినప్పుడు రచయితలు ప్రేక్షకుల వరుసలో కూర్చుని విన్నారు.

ప్లాంట్ దీనిని మళ్ళీ పూర్తిగా పాడినది 2023 అక్టోబరు 21న, ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో క్యాన్సర్ సహాయనిధి కోసం ఏర్పాటైన ఒక చిన్న సభలో. పక్కన పేజ్ లేడు, జోన్స్ లేడు. సభకు వచ్చినవారు ఫోన్లలో పట్టుకున్న దృశ్యాల ద్వారానే ఆ పాట బయటి శ్రోతలకు చేరింది.