సీడీతో కంప్యూటరు మేల్కొనిన కథ

1990 దశకపు ఆరంభమున ఆపరేటింగ్ సిస్టము సీడీపై లభించినను, సాధారణముగా కంప్యూటరును ముందు ఫ్లాపీతో మేల్కొల్పవలసి వచ్చెడిది. యంత్రములో స్థిరముగా నుండు బయాస్ అను కార్యక్రమమునకు సీడీనుండి ప్రారంభించుట తెలియదు.

1995 జనవరిలో ఫీనిక్స్ టెక్నాలజీస్, ఐ.బి.ఎం. సంస్థలు ‘ఎల్ టోరిటో’ అను ప్రమాణమును వెలువరించినవి. సీడీపై 2048 బైట్ల సెక్టరులను సున్న మొదలు లెక్కించిన, 17 సంఖ్య గలదానిలో ఒక గురుతు ఉండును. అది ఒక పట్టికను చూపును. ప్రారంభ కార్యక్రమమున్న సెక్టరు సంఖ్యను పట్టిక తెలుపును; ఫైలు పేరును కాదు.

ఒకే డిస్కుపై పెక్కు సిస్టములకు ఈ ప్రమాణము తావిచ్చినది. కాని పెక్కు బయాస్‌లు పట్టికలోని మొదటి అంశమునే గ్రహించెడివి. అందుచే డిస్కు కూర్చువారు అచట ఐసోలినక్స్ వంటి కార్యక్రమము నుంచిరి. అది మెనూ చూపి, కోరిన సిస్టమును పిలుచును.

అట్టి డిస్కు పనిచేయనిచో దోషమును ఈ వరుసలోనే వెదకవలెను. ఫైళ్ళను మాత్రమే నకలు చేసినచో గురుతు రాదు. బయాస్ ఆ డిస్కును ప్రారంభ డిస్కుగా గుర్తింపదు. గురుతుండియు పట్టికలోని సంఖ్య తప్పినచో, బయాస్ వేరొక సెక్టరును చదువును. మెనూ కనబడిన పిదప ఆగినచో మొదటి మెట్లు సరియే. దోషము ఆ తరువాతిది. ఎంతవరకు నడచెనో తెలిసినచో, ఎచట చెడెనో తెలియును.