అచ్చు గళ్ళ నుండి మీటల దాకా: తెలుగు టైపు అమరికల కథ

చెన్నపట్టణంలోని చూలై పేటకు ఆ పేరు ఇటుకల బట్టీల వలన వచ్చినది. తమిళంలో సూళై అనగా బట్టీ. దాని పక్కనే ఉన్న వేపేరికి పుస్తకాల చరిత్రలో పెద్ద స్థానమే ఉన్నది. 1761లో ఆంగ్లేయులు పుదుచ్చేరిని పట్టుకొన్నప్పుడు అక్కడి ఫ్రెంచివారి ముద్రణ యంత్రం మదరాసుకు చేరి, వేపేరిలో ఉన్న ఫెబ్రీషియస్ అనే మిషనరీ చేతికి వచ్చినది. ఆ తరువాత వేపేరిలోని క్రైస్తవ జ్ఞాన సంఘపు ముద్రాక్షరశాలలోనే 1852లో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ గారి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయినది. చూలై నుండి నడిచి పోగల దూరమే. ఆ వీధులలో తిరిగే మన పిల్లలకు ఈ మాట ఒకసారి చెప్పి చూడండి.

ఆ కాలంలో కీబోర్డు లేదు కాని అమరిక ఉన్నది. సీసపు అక్షరాలను చెక్క పెట్టెలలోని గళ్ళలో పేర్చుకొని, కంపోజిటరు నిలబడి ఒక్కొక్క అక్షరమే ఏరి కూర్చేవాడు. ఇంగ్లీషుకు కొద్దిపాటి గళ్ళు చాలును. తెలుగుకు గుణింతాలూ, వత్తులూ కలిసి వందల అచ్చులు కావలసి వచ్చేవి. ఏ గడిలో ఏ అక్షరం ఉన్నదో కంటితో వెతకకుండా చేయి దానంతట అదే పోవాలి. కొత్త శాలలో గళ్ళ వరుస మారితే చేయి తడబడేది. నేడు కీబోర్డు మార్చుకొమ్మన్నప్పుడు మన ఉపాధ్యాయులు వెనుకాడటానికి కారణం కూడ ఇదే. దానిని బద్ధకమని కొట్టివేయరాదు.

టైపు మిషను వచ్చిన తరువాత ఇరుకు మరీ పెరిగినది. 1874లో రెమింగ్టన్ సంస్థ అమ్మకానికి తెచ్చిన షోల్స్ గారి యంత్రం ఇరువదియారు అక్షరాల భాషకు పుట్టినది. ఏబది మీటలైనా లేని ఆ చట్రంలో తెలుగును ఇమడ్చడానికి అక్షరాన్ని ముక్కలు చేయక తప్పలేదు. తలకట్టు ఒకచోట, కొమ్ము ఒకచోట, వత్తు మరొకచోట. అక్షరం ఎట్లు పలుకుతుందో కాదు, ఎట్లు కనబడుతుందో చూచి కొట్టడం అప్పుడే అలవాటైనది. 1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం వచ్చిన మీదట కచేరీలకు తెలుగు టైపు మరింత అవసరమైనది.

1990ల నాటి డీటీపీ కేంద్రాలు ఈ అలవాటునే కంప్యూటరులోనికి తెచ్చుకొన్నవి. అను ఫాంట్లతో పని చేసినవారికి ఆపిల్, మాడ్యులర్ అన్న అమరికల పేర్లు కొత్తవి కావు. వాటిలో చేయి తిరిగినవారి వేగం చూడవలసినదే! అయితే ఆ ఫాంట్లలో దాచినది భాష కాదు, ఆకారపు ముక్కలు. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే పాఠమంతా అర్థం లేని ఇంగ్లీషు గుర్తులుగా కనబడుతుంది. అందులో ఒక మాటను వెతకలేము, అకారాదిగా పేర్చలేము.

దీనికి విరుగుడు ఆ దశకానికి ముందే సిద్ధమై ఉన్నది. 1986లో భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ ఇన్‌స్క్రిప్ట్ అనే అమరికను ప్రమాణంగా ప్రకటించి, 1988లో సవరించినది. 1991లో ఇస్కీ సంకేతాలు భారతీయ ప్రమాణంగా స్థిరపడినవి. అదే ఏడు యూనికోడు మొదటి కూర్పులో తెలుగుకు చోటు దొరికినది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో పాటు ఈ కీబోర్డును కూడ ఇచ్చినది. ఇన్ని సౌకర్యాలున్నా వాడినవారు కొద్దిమందే.

ఇన్‌స్క్రిప్ట్‌లో గుణింతపు గుర్తులు ఎడమ చేతికి, హల్లులు చాల వరకు కుడి చేతికి వస్తాయి. కకారం 'కె' మీట మీద, షిఫ్టు నొక్కితే ఖకారం. గకారం 'ఐ' మీద, షిఫ్టుతో ఘకారం. అనగా అల్పప్రాణానికి మహాప్రాణం పైయంతస్తు. వర్ణమాల తెలిసిన పిల్లవానికి సగం అమరిక ముందే తెలిసినట్లే. 'తెలుగు' అన్న మాటకు ఎల్, జెడ్, ఎన్, జి, ఐ, జి అని ఆరు మీటలు. కుడి చేయి, ఎడమ చేయి వంతులవారీగా కదులుతాయి.

మన ఊరిలోనే మరొక పాఠం ఉన్నది. 1999 ఫిబ్రవరిలో చెన్నైలో జరిగిన తమిళ్‌నెట్ 99 సదస్సు పర్యవసానంగా తమిళనాడు ప్రభుత్వం తమిళ్99 అమరికను ఆమోదించినది. అందులోనూ అచ్చులు ఎడమన, హల్లులు ఎక్కువగా కుడిన. తకారం 'ఎల్' మీద, లకారం 'ఎన్' మీద ఉండటం రెండింటికీ ఉమ్మడి. తమిళ్99 నేర్చిన మన పిల్లవానికి ఇన్‌స్క్రిప్ట్ పూర్తిగా పరాయిది కాదు. అమెరికాలో డ్వొరాక్ గారు 1936లో హక్కు పొందిన అమరిక ఎంత మెచ్చుకోలు పొందినా పాతదానిని కదిలించలేకపోయినది. తమిళానికి మాత్రం ప్రభుత్వం అండ నిలిచినది. రాష్ట్రం బయటి తెలుగువారికి అటువంటి అండ ఎక్కడిది?

మనలో ఎక్కువమంది ఎంచుకొన్న తోవ రోమను లిపిది. రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతి, వీవెన్ గారి లేఖిని తెలుగును అంతర్జాలానికి ఎక్కించినవి. ఆ మేలు మరువరానిది. కాని అవి అప్పటికే తెలుగు వ్రాయ వచ్చిన పెద్దల కోసం పుట్టినవి. లిపి ఇంకా స్థిరపడని మూడవ తరగతి పిల్లవానికి ణ, ళ అక్షరాలను ఇంగ్లీషు పెద్దబడి రూపాలుగా పరిచయం చేస్తే, న, ల లతో వాటికి గల భేదం ఎట్లు నిలుస్తుంది? 2006 నాటి చట్టంతో తమిళనాట మొదటి తరగతి నుండి తమిళం తప్పనిసరి అయినది. పదవ తరగతిలో మినహాయింపుల కోసం అల్పసంఖ్యాక భాషల విద్యార్థులు న్యాయస్థానాల దాకా పోవలసి వచ్చినది. తెలుగు పీరియడ్లు కొద్దిగా మిగిలిన బడిలో, ఆ కొద్దిపాటి వేళలోనూ వేళ్ళు రోమను లిపినే సాధన చేయడం నాకు సమ్మతం కాదు.

అమరిక మార్చుకొనేవారు ఒక్కచోట తప్పక తడబడతారు. చేతితో 'క్రి' వ్రాసేటప్పుడు ముందు 'కి' వ్రాసి, తరువాత రకారపు వత్తు పెడతాము. ఇన్‌స్క్రిప్ట్‌లో క, పొల్లు, ర, ఆపైన గుడి. వ్రాత వరుస కాదు, పలుకు వరుస. పాత అమరికలకు అలవాటుపడిన చేయి గుడిని ముందే కొట్టివేస్తుంది, వత్తు చెదరిపోతుంది. కనుక మొదటి వారం వత్తులు లేని మాటలే చాలును. రెండవ వారంలో అమ్మ, అక్క వంటి ద్విత్వాలు, ఆ తరువాతనే స్త్రీ, రాష్ట్రం. చెప్పినది పిల్లలు కొట్టినట్లయితే అక్షరదోషాలతో పాటు సంయుక్తాక్షరంలో ఏ హల్లు ముందో తెలియనివారు కూడ బయటపడతారు.

ఇంటి వద్ద తల్లిదండ్రులు ఫోనులో రోమను పద్ధతినే వాడుకొనవచ్చును. పిల్లలకు మాత్రం తెలుగు అక్షరాలు కనబడే కీబోర్డును పెట్టి ఇవ్వండి. ఇక పాత ప్రశ్నపత్రాల సంగతి. అను ఫాంట్లలో ఉన్నవాటిని పాత యంత్రం పని చేస్తుండగానే యూనికోడులోనికి మార్చి, ఒక్కొక్క పుట సరిచూచుకోవాలి. మార్పిడిలో ఎక్కువగా చెడేవి వత్తులే కనుక ముందుగా వాటినే చూడండి.