ఒక్క యూరో ఇల్లు - పరదేశికి ఇటలీ తెరచిన తలుపు

ఒకప్పుడు నా దగ్గర తెలుగు చదువుకొని, ప్రస్తుతం మిలాను నగరంలో ఉద్యోగం చేసుకుంటున్న శిష్యుడొకడు ఆ మధ్య నాకు జాబు వ్రాశాడు. "మాస్టారూ, సిసిలీ ద్వీపంలో ఒక్క యూరోకే ఇల్లు అమ్ముతున్నారట. మనవంటి పరదేశీయులు కొనుక్కోవచ్చునంటారా? కొనుక్కోనిచ్చే మాటే నిజమైతే అంత చౌకగా ఎందుకిస్తున్నారు?" అని. మొదటి ప్రశ్న వకీలును అడగవలసినది, రెండవది చరిత్రను అడగవలసినది అనుకొన్నాను. పుస్తకాలు తిరగవేయగా మొదటిదానికి సైతం చరిత్రే సమాధానం చెప్పింది. అతనికి వ్రాసిన ఉత్తరాన్ని కొంత పెంచి, కొంత సరిదిద్ది మిత్రుల ముందుంచుతున్నాను.

పరదేశి భూమి కొనవచ్చునా అన్నది ఐరోపాలో చిరకాలం నలిగిన ప్రశ్న. పరాయి దేశస్థుడు చనిపోతే అతని ఆస్తి వారసులకు గాక రాజుకు చెందే ఆచారం ఫ్రాన్సు వంటి దేశాలలో శతాబ్దాల పాటు ఉండేది. విప్లవం దానిని రద్దు చేసింది గాని, 1804లో నెపోలియను ప్రకటించిన పౌరస్మృతి ఒక మెలిక పెట్టింది. మీ దేశం ఒడంబడికల ద్వారా మా వారికి ఏ హక్కులిస్తుందో, ఆ హక్కులే మీకు మా దేశంలో ఉంటాయని. అదే పరస్పరతా సూత్రం. మన పల్లెల్లో పెండ్లి చదివింపుల లెక్క వంటిదే. వారింట ఎంత చదివించామో అంతే వారు మనకు చదివించాలి!

1861లో ఇటలీ ఏకమై ఒక రాజ్యమైంది. నాలుగేండ్లకు, 1865లో, తన పౌరస్మృతిని తాను వ్రాసుకొన్నది. అందులో మూడవ అధికరణం విశేషమైనది. పౌరులకున్న పౌరహక్కులన్నీ పరదేశీయులకు కూడా ఉంటాయని దాని సారాంశం. ఒడంబడిక అడగలేదు, బదులు అడగలేదు. దీని వెనుక పాస్‌క్వాలే స్తానిస్లావో మంచీని అనే న్యాయశాస్త్రవేత్త ఆలోచన ఉన్నది. ఆయన నేపుల్సు రాజ్యానికి చెందినవాడు. 1848 నాటి ఉద్యమాల తరువాత అక్కడ నిలువ నీడ లేక ట్యూరినుకు ప్రవాసం పోయి, 1851 నుండి అక్కడి విశ్వవిద్యాలయంలో అంతర్జాతీయ న్యాయం బోధించాడు. పరాయి రాజ్యంలో తలదాచుకొన్న మనిషి పరదేశి పక్షాన నిలవడం నాకు కాకతాళీయంగా తోచదు.

ఆ చట్టం 1866 జనవరి 1న అమలులోకి వచ్చింది. మరుసటి ఏడాదే, షాంఘై వర్తకంలో ధనం గడించిన థామస్ హాన్‌బరీ అనే ఆంగ్లేయుడు ఫ్రాన్సు సరిహద్దున వెంతిమీల్యా దగ్గర, సముద్రపుటంచున లా మోర్తోలా అనే చోట జీర్ణమైన భవనంతో సహా నేల కొన్నాడు. అక్కడ ఆయన నాటించిన వృక్షోద్యానం నేటికీ ప్రసిద్ధం. 1960లో ఆ కుటుంబం దానిని ఇటలీ ప్రభుత్వానికి విక్రయించింది. ఆంగ్లకవి రాబర్ట్ బ్రౌనింగు ఫ్లోరెన్సులో సంవత్సరాల తరబడి అద్దె వాటాలో కాపురముండగా, ఆయన కుమారుడు 1888లో వెనిసులో కా రెజ్జోనికో అనే మహాభవనాన్నే కొన్నాడు. మరుసటి డిసెంబరులో తండ్రి కన్నుమూసింది కూడా అక్కడే. అయితే ఇవన్నీ శ్రీమంతుల ముచ్చట్లు. చౌక అన్న మాట ఇంకా కథలోకి రాలేదు.

ముస్సోలినీ కాలంలో, 1942లో, కొత్త పౌరస్మృతి వచ్చింది. దాని పీఠికా నిబంధనలలో 16వ అధికరణం పాత పరస్పరతను మళ్లీ తెచ్చి నిలిపింది. మంచీని తెరచిన తలుపు అద్దంగా మారిందన్నమాట. పరదేశి ముఖంలో అతని దేశపు చట్టం ఎలా కనిపిస్తే అలా ఆదరణ. యుద్ధం ముగిసి, రాజరికం పోయి, 1948లో గణతంత్ర రాజ్యాంగం అమలైనా ఆ అధికరణం చెక్కుచెదరలేదు. ఐరోపా సమాఖ్య పౌరులకు మాత్రం అది వర్తించదు. 1998 నాటి వలసచట్టం, 1999 నాటి నియమావళి మరొక సడలింపు కల్పించాయి. ఉద్యోగం వంటి కారణాలపై సక్రమమైన నివాసపు అనుమతితో ఇటలీలో ఉంటున్న పరదేశికి పరస్పరతను పరిశీలించనక్కరలేదు.

కాబట్టి మా శిష్యునికి దారి సుగమం. ఇక్కడ అరుగు మీద కూర్చున్న నాబోటివాని సంగతి వేరు. మన 1999 నాటి విదేశీ మారక నిర్వహణ చట్టం కింది నియమాల ప్రకారం, భారత సంతతికి చెందని పరదేశీయుడు మన దేశంలో నివాసం లేకుండా స్థిరాస్తి కొనలేడు. ఐదేండ్లకు మించని కౌలు మాత్రమే అతనికి అనుమతి. ఈ నియమాన్ని ఇటలీ వారి అద్దం ముందు పెట్టి చూడండి, చిక్కెక్కడున్నదో తెలుస్తుంది. సొమ్ము పంపడానికి మన వైపు నుండి అభ్యంతరం లేదు. రిజర్వు బ్యాంకు పథకం కింద ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చు, దానితో ఇల్లు కొనుటకు కూడా అనుమతి ఉన్నది. డబ్బు గడప దాటినంత సులభంగా హక్కు గడప దాటదు.

ఇక చౌక సంగతి. ముందు టస్కనీ. అక్కడ వ్యవసాయం తరతరాలుగా మెత్సద్రియా పద్ధతిలో సాగింది. భూమి, ఇల్లు కామందువి. చాకిరి రైతు కుటుంబానిది. పంట చెరిసగం. మన కోనసీమ, కృష్ణా తీరాల కోరుపాలుకు దగ్గరి చుట్టమే. రెండవ యుద్ధం తరువాత ఉత్తరాది కర్మాగారాలు పిలిచాయి, రైతులు కదిలారు. 1964 నాటి చట్టం కొత్తగా అటువంటి ఒప్పందాలు చేసుకోరాదని నిషేధించింది. రైతు కుటుంబాలు విడిచిన రాతి ఇండ్లు కొండల మీద బావురుమంటూ మిగిలాయి. వాటిని ఆంగ్లేయులు, జర్మనులు కొని బాగు చేసుకొన్నారు. 1990లో అమెరికను రచయిత్రి ఫ్రాన్సెస్ మేయెస్ కోర్తోనా ఊరి దగ్గర ఒక పాత ఇల్లు కొని, 1996లో ఆ అనుభవాన్ని గ్రంథస్థం చేసిన తరువాత టస్కనీలో చౌక అన్న మాట అరుదైపోయింది.

సిసిలీ కథ ఇంతకన్న బరువైనది. 1876 నుండి 1915 వరకు ఇటలీ నుండి వలస పోయినవారు సుమారు కోటీ నలభై లక్షల మంది. ఒక్క 1913లోనే 8 లక్షల 70 వేలకు పైగా. వారిలో దక్షిణాది వారు, సిసిలీ వారు లక్షోపలక్షలు. న్యూయార్కుకు, బ్యూనోస్ ఐరెసుకు ఓడలెక్కారు. ఇల్లు అమ్మి పోయినవారు కొందరు, తాళం వేసి పోయినవారు ఎందరో. తాళం వేసినవారు తిరిగి రావాలనే వేశారు.

ఇక్కడ చట్టం మరొక పని చేసింది. ఇటలీలో తండ్రి తన ఆస్తినంతా ఒక్క బిడ్డకే వ్రాసివ్వడానికి వీలులేదు. భార్యాబిడ్డలకు చట్టం నిర్ణయించిన భాగం తప్పదు. మన మితాక్షరలోని దాయవిభాగం వేరు దారిది, పుట్టుకతోనే పుత్రునికి హక్కు అంటుంది. అయినా రెండు చోట్లా జరిగేది ఒక్కటే, ముక్కలు కావడం. మూడు తరాలు గడిచేసరికి రెండు గదుల ఇంటికి పన్నెండుమంది భాగస్వాములు తేలుతారు. ఒకరు బ్రూక్లినులో, ఒకరు మెల్‌బోర్నులో, ఒకరు ఎక్కడున్నారో తెలియని చోట. అందరూ సంతకం చేయనిదే ఇల్లు పూర్తిగా అమ్ముడుపోదు.

మరొక విశేషం మా పండితవర్గానికి ఇష్టమైనది. ఇటలీ పౌరస్మృతిలో 1158వ అధికరణం ప్రకారం, ఇరవై ఏండ్లు ఎడతెగకుండా, యజమానివలె అనుభవించినవానికి స్థిరాస్తి దక్కుతుంది. సరిగ్గా ఈ ఇరవై ఏండ్ల గడువే యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయంలో ఉన్నది. చూస్తూ కూడా అభ్యంతరం చెప్పనివాని భూమి విషయంలో ఇరవై, ధనం విషయంలో పది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు చేసిన వ్యాఖ్యను కేతన తెనిగించాడు గనుక, పదమూడవ శతాబ్దపు తెలుగువానికి ఈ వాదం కొత్త కాదు. సిసిలీలో ఇల్లు కొనేవారు పక్కింటి మేకల కొట్టం ఎన్నేండ్లుగా మన పెరట్లో ఉన్నదని విచారించడం అందుకే.

1968 జనవరి 14, 15 తేదీలలో పశ్చిమ సిసిలీలోని బెలిచే లోయ కంపించింది. జిబెల్లీనా, పొజ్జొరెయాలే, సలపరూతా, మొంతెవాగో నేలమట్టమయ్యాయి. రెండువందల మందికి పైగా మరణించారు, దాదాపు లక్షమంది నిరాశ్రయులయ్యారు. బాధితులు ఏండ్ల తరబడి రేకుల పాకల్లో చలికి వణికారు. జిబెల్లీనా ఊరిని చాలా దూరాన కొత్తగా కట్టారు. పాత ఊరి శిథిలాలను అల్బెర్తో బుర్రీ అనే కళాకారుడు తెల్లని సిమెంటుతో కప్పి, పాత వీధుల జాడలను సందులుగా మిగిల్చాడు. 1984లో మొదలైన ఆ పని 2015లో పూర్తయింది. ఆ చిత్రాలు చూసినప్పుడల్లా ముంపు గ్రామాలు నాకు గుర్తుకు వస్తాయి.

కూలకుండా బీటలిచ్చిన ఊళ్లలో సలేమీ ఒకటి. 1860 మే 14న గరిబాల్దీ సిసిలీకి తాను సర్వాధికారినని ప్రకటించుకొన్నది ఆ ఊరిలోనే. 2008లో ఆ ఊరి మేయరైన కళావిమర్శకుడు విత్తోరియో స్గార్బీ, శిథిల గృహాలను ఒక్కొక్క యూరోకు ఇస్తామని ప్రకటించాడు. ప్రపంచం గుప్పున గుమిగూడింది గాని పని ముందుకు సాగలేదు. 2012లో ఆయన రాజీనామా చేయగా, మాఫియా చొరబాటు కారణంగా ప్రభుత్వం ఆ పురపాలక సంఘాన్ని రద్దు చేసింది.

ఫలించినది సంబూకా. అరబ్బుల కాలపు ఇరుకు సందులు నేటికీ ఉన్న ఊరది. ఊరి పేరులో జబూత్ అనే అరబ్బు మాట 1923 వరకు నిలిచి ఉండేది. 2019లో అక్కడి పురపాలక సంఘం 16 ఇండ్లను ఒక యూరో ప్రారంభ ధరతో వేలం వేసింది. పాట పాడినవారు ఐదువేల యూరోల ధరావతు కట్టాలి, కొన్నవారు మూడేండ్లలో ఇంటిని బాగుచేయాలి, లేదంటే ధరావతు పోతుంది. పాట వేలల్లోకి పెరిగిందనుకోండి. 2021లో రెండు యూరోలు, 2024లో మూడు యూరోలు ప్రారంభ ధరగా మళ్లీ వేలాలు జరిగాయి. ఇది ఎందుకు ఫలించిందంటే, నా ఉద్దేశంలో, ఆ ఇండ్లు పురపాలక సంఘం సొంతం కావడం వల్ల. పన్నెండుమంది సంతకాల కోసం ఖండాంతరాలు వెదుకనక్కరలేదు. చౌక ఇంటి అసలు వెల యూరోలలో లేదు, స్పష్టమైన హక్కులో ఉన్నది. మా శిష్యునికి ఈ మాట కింద గీత గీసి వ్రాశాను.

ఇంటి మీద ఖర్చులు వేరే ఉన్నాయి. అది కొనుగోలుదారు స్థిరనివాసం కాకపోతే రిజిస్ట్రేషను పన్ను నూటికి తొమ్మిది. స్థిరనివాసమై, పద్దెనిమిది నెలలలో ఆ ఊరి నివాసిగా నమోదైతే రెండు. ఎటు చూసినా వెయ్యి యూరోలకు తగ్గదు. ఒక్క యూరో ఇంటికి వెయ్యి యూరోల పన్ను! ఈ లెక్కకు మూలమైన కతాస్తో అనే భూమి పద్దు 1886 నాటి చట్టంతో దేశమంతటా మొదలైంది. అది పన్ను కోసం వ్రాసిన పద్దే గాని హక్కుకు రుజువు కాదు. మన అడంగలు పట్టుకొని కోర్టుకెక్కి భంగపడినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఒకప్పుడు ఆస్ట్రియా ఏలుబడిలో ఉన్న త్రెంతో, త్రియెస్తే ప్రాంతాలలో మాత్రం పాత ఆస్ట్రియా వారి భూమి గ్రంథం ఇప్పటికీ చెల్లుతుంది. అందులో పేరెక్కితేనే హక్కు. ఏలిక మారినా దస్త్రం మారలేదు.

మా వీధిలోనూ నాలుగు ఇండ్లకు తాళాలున్నాయి. బిడ్డలు డాలసులో, సిడ్నీలో. పండుగకు ఎవరో వచ్చి దులిపి వెళతారు. వాటిలో ఒకదానిని ముచ్చటపడి కొనదలచిన ఇటలీ దొర ఎవరైనా వచ్చినా, పైన చెప్పిన చట్టం ఒప్పుకోదు. ఒప్పుకోవాలా అన్న ప్రశ్నకు నా దగ్గర ఒకే సమాధానం లేదు. భూమిని పరాయివానికి అమ్ముకొన్న జాతుల చరిత్ర చదివినవాణ్ణి. తాళం వేసిన ఇంటి దూలాలు ఏ చెద చేతిలో ఏమవుతున్నాయో చూస్తున్నవాణ్ణి కూడా.

చివరగా మా శిష్యుడు అడగని సంగతి ఒకటి. ఇటలీలో అమ్మకపు దస్తావేజును నోటరీ ఎదుట చదివి వినిపించాలి. 1913 నాటి నోటరీ చట్టం ప్రకారం, కొనుగోలుదారుకు ఇటాలియను భాష రాకపోతే, అతనికి తెలిసిన భాషలో కూడా దస్తావేజు ఉండాలి. ఆ భాష నోటరీకి రాకపోతే దుబాసీని పెట్టాలి. ఆ లెక్కన సిసిలీ కొండల మీద ఒక పాత ఇంటి దస్తావేజు తెలుగులో చదవడానికి చట్టరీత్యా అడ్డులేదు. దుబాసీ దొరకడమే కష్టం. మిత్రులలో ఇటాలియను తెలిసినవారెవరైనా ఉంటే తెలియజేయగలరు.