అమెరికాలో సిటీ మారుతున్నారా? సెల్ఫ్ స్టోరేజ్ తీసుకునే ముందు ఈ విషయాలు తెలుసుకోండి.. లేదంటే సామాను వేలానికి పోవచ్చు!

అమెరికాలో ఉద్యోగం మారితే ఊరు కూడా మారాల్సి వస్తుంది. ఊరు మారడం అంటే ఒక్క విమానం టికెట్‌తో అయిపోయే పని కాదు. న్యూజెర్సీలో ఉంటున్న ఒక తెలుగు కుటుంబాన్నే తీసుకుందాం. అక్కడి అపార్ట్‌మెంట్ లీజు జులై 31తో ముగుస్తుంది. నార్త్ కరోలినాలోని రాలీలో కొత్త ఇల్లు ఆగస్టు 20కి గానీ చేతికి రాదు. ఈ 20 రోజులు మంచాలు, సోఫా, వంట సామాను, పుస్తకాల పెట్టెలు ఎక్కడ పెట్టాలి? ఇలాంటి వాళ్ల కోసమే సెల్ఫ్ స్టోరేజ్ యూనిట్లు ఉన్నాయి.

మన దగ్గర గోడౌన్ అద్దెకు తీసుకున్నట్టే ఇది కూడా. కాకపోతే ఇక్కడ ఒక్కో కుటుంబానికి ఒక్కో చిన్న గది ఇస్తారు. సామాను మీరే పెట్టుకుని, మీ తాళం మీరే వేసుకుని, నెల నెలా అద్దె కట్టాలి. అమెరికా మొత్తం మీద ఇలాంటి కేంద్రాలు 50 వేలకు పైగా ఉన్నాయి. 20 రోజులకని తీసుకున్న గది రెండేళ్లు గడిచినా ఖాళీ కాకపోతే మాత్రం జేబుకు చిల్లు పడుతుంది. అద్దె ఆగిపోతే సామానే చేజారిపోతుంది.

రాలీకే ఎందుకు వెళ్తున్నారు?

నార్త్ కరోలినా రాజధాని రాలీ. 2020 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ 4.67 లక్షల మంది ఉన్నారు. న్యూయార్క్, షికాగో అంత పెద్దదీ కాదు, పల్లెటూరూ కాదు. రాలీ, డర్హమ్, చాపెల్ హిల్ మధ్యలో 1959లో మొదలైన రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్ ఈ ప్రాంతానికి గుండెకాయ. ఐబీఎం, సిస్కో లాంటి కంపెనీలకు ఇక్కడ పెద్ద ఆఫీసులు ఉన్నాయి. రెడ్ హ్యాట్ ప్రధాన కార్యాలయం రాలీ డౌన్‌టౌన్‌లోనే ఉంది. ఎన్సీ స్టేట్, డ్యూక్, యూఎన్సీ యూనివర్సిటీలు కూడా దగ్గర్లోనే.

రాలీని ఆనుకుని ఉన్న క్యారీ, మోరిస్‌విల్‌లో తెలుగు వాళ్లు బాగా కనిపిస్తారు. క్యారీలోని శ్రీ వేంకటేశ్వర స్వామి ఆలయంలో 87 అడుగుల గోపురాన్ని 2022 అక్టోబర్‌లో ప్రారంభించారు. అందుకే ఇక్కడికి మారేవాళ్లకు ఎవరో ఒక తెలిసినవాళ్లు ఉంటారు. రెండు పెట్టెలైతే వాళ్ల గ్యారేజ్‌లో పెట్టొచ్చు. రెండు బెడ్‌రూమ్‌ల సామాను మాత్రం పట్టదు.

ఏ సైజు సరిపోతుంది?

యూనిట్లను అడుగుల లెక్కన చెబుతారు. ఎత్తు సాధారణంగా 8 అడుగులు ఉంటుంది.

* 5 బై 5: బట్టల పెట్టెలు, సూట్‌కేసులు, చిన్న టేబుల్.
* 5 బై 10: ఒంటరిగా ఉండే స్టూడెంట్ లేదా స్టూడియో అపార్ట్‌మెంట్ సామాను.
* 10 బై 10: ఒక బెడ్‌రూమ్, సర్దుకుంటే రెండు బెడ్‌రూమ్‌ల సామాను.
* 10 బై 15: రెండు మూడు బెడ్‌రూమ్‌ల సామాను.
* 10 బై 20: కారు గ్యారేజ్ అంత. ఇంటి మొత్తం సామాను పడుతుంది.

పెద్దది తీసుకుంటే మంచిదే కదా అనుకుంటారు చాలామంది. కానీ ఖాళీ జాగాకు కూడా అద్దె కట్టాల్సిందే. ముందు అక్కర్లేనివి అమ్మేసి, మిగిలినవి లెక్కేసుకుని సైజు ఎంచుకోవాలి.

ప్రకటనలో ఒక రేటు.. బిల్లులో ఇంకో రేటు

'మొదటి నెల సగం అద్దెకే' లాంటి ఆఫర్లు బోర్డుల మీద కనిపిస్తాయి. అసలు ఖర్చు తెలియాలంటే మొత్తం లెక్క వేయాలి. ఉదాహరణకు నెల అద్దె 100 డాలర్లు, ఇన్సూరెన్స్ 15 డాలర్లు, ఒక్కసారి కట్టే అడ్మిన్ ఫీజు 25 డాలర్లు అనుకుందాం. సగం ఆఫర్ పోను మొదటి నెలకు 90 డాలర్లు అవుతుంది. తర్వాత నెలకు 115 చొప్పున మూడు నెలలకు మొత్తం 320 డాలర్లు.

ఏడో నెల నుంచి అద్దె 130కి పెంచితే? ఏడాది తిరిగేసరికి మొత్తం 1,535 డాలర్లు కట్టినట్టు అవుతుంది. లోపల ఉన్న పాత సోఫా, మంచం కలిపి 600 డాలర్లు కూడా చేయకపోతే ఆ డబ్బంతా వృథానే. ఈ ఒప్పందాలు ఎక్కువగా నెలవారీ ఒప్పందాలే. అంటే ఎప్పుడైనా ఖాళీ చేయొచ్చు, అలాగే నోటీసు ఇచ్చి అద్దె పెంచే వీలు కూడా కంపెనీకి ఉంటుంది. అందుకే సంతకం పెట్టేముందు ఈ ప్రశ్నలు అడగాలి.

* ఈ అద్దె ఎన్ని నెలల వరకు మారదు?
* నెల మధ్యలో ఖాళీ చేస్తే మిగతా రోజుల అద్దె వెనక్కి ఇస్తారా?
* ఖాళీ చేసే ముందు ఎన్ని రోజుల నోటీసు ఇవ్వాలి?
* ఆలస్యమైతే లేట్ ఫీజు ఎంత?
* గేటు ఏ వేళల్లో తెరుస్తారు?

ఎండ, తేమ.. దక్షిణాదిలో అసలు సమస్య ఇదే

రాలీలో జులైలో పగటి ఉష్ణోగ్రత 32 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది. దానికి తోడు గాలిలో తేమ. మన కోస్తా జిల్లాల ఉక్కపోత తెలిసినవాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. కారు నేరుగా తలుపు దాకా వెళ్లే బయటి యూనిట్లు చవక, సామాను దించడం కూడా తేలిక. కానీ రేకు తలుపు వేసిన ఆ గది ఎండాకాలంలో పొయ్యిలా వేడెక్కుతుంది. చెక్క ఫర్నిచర్ వంకర పోతుంది, పరుపులకు బూజు పడుతుంది, పట్టుచీరల జరీ నల్లబడుతుంది, టీవీలు పాడవుతాయి.

అందుకే ఇలాంటి వస్తువులుంటే క్లైమేట్ కంట్రోల్ యూనిట్ తీసుకోవడం మేలు. అయితే ఆ పేరుతో కొన్నిచోట్ల వేడిని మాత్రమే అదుపు చేస్తారు, తేమను పట్టించుకోరు. ఆ మాట విడిగా అడగాలి. పెట్టెలను నేల మీద కాకుండా చెక్క పలకల మీద పెట్టాలి, గోడకు కాస్త ఎడం వదలాలి. ఫ్రిజ్‌ను పూర్తిగా ఆరబెట్టి, తలుపు కొంచెం తెరిచి ఉంచాలి.

అట్లాంటిక్ తుపానుల సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు ఉంటుంది. 1996లో ఫ్రాన్ తుపాను రాలీని గట్టిగానే దెబ్బతీసింది. స్టోరేజ్ ఇన్సూరెన్స్ ప్లాన్లలో చాలావాటికి వరద నష్టం వర్తించదు. వీలైతే పై అంతస్తులోని యూనిట్ అడగడం మంచిది.

ఇవి మాత్రం లోపల పెట్టొద్దు

గ్రిల్ గ్యాస్ సిలిండర్, పెట్రోల్, పెయింట్ లాంటి మండే వస్తువులను అనుమతించరు. తినే వస్తువులు కూడా పెట్టకూడదు. బియ్యం బస్తా, పప్పులు, ఆవకాయ జాడీ వదిలేస్తే ఎలుకలు, పురుగులు చేరతాయి. పక్క యూనిట్ల వాళ్లకూ ఇబ్బందే.

పాస్‌పోర్టులు, హెచ్1బి అప్రూవల్ కాగితాలు, డిగ్రీ సర్టిఫికెట్లు, ఆస్తి పత్రాలు చేతి సంచిలోనే ఉండాలి. బంగారం బ్యాంకు లాకర్‌లో పెట్టుకోవాలి. స్టోరేజ్ ఒప్పందాలు సామాను విలువకు పరిమితి పెడతాయి, నగలకు సాధారణంగా బాధ్యత తీసుకోవు.

అద్దె ఆగితే ఏమవుతుంది?

నార్త్ కరోలినా చట్టం ప్రకారం అద్దె గడువు దాటి 15 రోజులైనా కట్టకపోతే, నోటీసు ఇచ్చి ఆ సామానును బహిరంగ వేలంలో అమ్మే హక్కు యజమానికి వస్తుంది. నోటీసు వచ్చేది ఒప్పందంలో మీరిచ్చిన అడ్రస్‌కే. అక్కడ పాత న్యూజెర్సీ అడ్రస్ ఉంటే ఆ ఉత్తరం మీ చేతికి రాదు.

ఎక్కువ ప్రమాదం ఇండియా వెళ్లేవాళ్లకే. ఇల్లు ఖాళీ చేసి, సామాను స్టోరేజ్‌లో పడేసి, వీసా స్టాంపింగ్ కోసమో పెళ్లి కోసమో వస్తారు. అపాయింట్‌మెంట్ వాయిదా పడుతుంది. ఈలోగా ఆటోపే పెట్టిన కార్డు గడువు ముగుస్తుంది, అమెరికా ఫోన్ నంబర్ ఆగిపోతుంది. కంపెనీ నుంచి కాల్ వచ్చినా ఎత్తేవాళ్లు ఉండరు. పెళ్లి ఆల్బమ్, పిల్లల చిన్నప్పటి ఫొటోలు కూడా ఆ వేలంలో పోవచ్చు.

అందుకే బయల్దేరే ముందు ఈ నాలుగు పనులు చేయాలి. కార్డు గడువు చూసుకోవాలి. వాట్సాప్ కాకుండా రోజూ చూసే ఈమెయిల్ ఇవ్వాలి. అమెరికాలో ఉండే స్నేహితుడి పేరు, నంబర్ రెండో కాంటాక్ట్‌గా రాయించాలి. ఒక తాళంచెవి కూడా ఆయన దగ్గర ఉంచాలి.

మూవర్స్‌తో జాగ్రత్త

రాష్ట్రం దాటి సామాను తరలించే కంపెనీకి యూఎస్‌డాట్ నంబర్ తప్పనిసరి. ఆ నంబర్‌ను కేంద్ర రవాణా శాఖకు చెందిన ఎఫ్ఎంసీఎస్ఏ వెబ్‌సైట్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఫోన్‌లో తక్కువ రేటు చెప్పి, సామాను ఎక్కించాక డబుల్ అడిగే మోసాలు ఉన్నాయి. నాన్ బైండింగ్ ఎస్టిమేట్ అయితే డెలివరీ రోజున అంచనాపై 110 శాతానికి మించి కట్టమని అడగకూడదు.

అదనంగా ఏమీ కట్టకుండా వచ్చే బీమా పౌండు బరువుకు 60 సెంట్లే. అంటే 40 పౌండ్ల టీవీ పగిలితే వచ్చేది 24 డాలర్లు! ఖరీదైన సామాను ఉంటే ఫుల్ వాల్యూ ప్రొటెక్షన్ అడగాలి. రాలీ చేరాక స్టోరేజ్ నుంచి ఇంటికి తరలించే లోకల్ మూవర్‌కు మాత్రం నార్త్ కరోలినా యుటిలిటీస్ కమిషన్ అనుమతి ఉందో లేదో చూడాలి.

రెండుసార్లు ఎక్కించి దించే శ్రమ వద్దనుకుంటే కంటైనర్ పద్ధతి ఉంది. పాత ఇంటి దగ్గర కంటైనర్ పెడతారు, మీరు నింపుతారు, కంపెనీ దాన్ని గోడౌన్‌లో ఉంచి మీరు చెప్పిన రోజున కొత్త ఇంటికి తెస్తుంది. ఆఫీసు రిలొకేషన్ ప్యాకేజీలో స్టోరేజ్ ఖర్చు ఉందేమో హెచ్ఆర్‌ను అడగాలి. కంపెనీ ఇచ్చే ఆ డబ్బును ఆదాయంగా లెక్కేసి ట్యాక్స్ పడుతుందని గుర్తుంచుకోవాలి.

చేరాక మరిచిపోకూడని గడువులు

* వీసా మీద, గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్లు అడ్రస్ మారిన 10 రోజుల్లోగా ఏఆర్-11 ఫామ్ ద్వారా యూఎస్‌సీఐఎస్‌కు చెప్పాలి.
* హెచ్1బి వాళ్లు పని చేసే చోటు వేరే మెట్రో ప్రాంతానికి మారితే, మారే ముందే కంపెనీ సవరణ పిటిషన్ వేయాలి.
* నార్త్ కరోలినా డ్రైవింగ్ లైసెన్స్ 60 రోజుల్లోగా తీసుకోవాలి.
* అదే రోజున స్టోరేజ్ ఒప్పందంలో కూడా కొత్త అడ్రస్ రాయించాలి.

యూనిట్ తీసుకున్న రోజే ఖాళీ చేసే తేదీని కూడా ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోవాలి. తాళం వేసే ముందు లోపలి సామానంతా ఒక వీడియో తీసి దాచుకోవాలి. బీమా క్లెయిమ్ వేయాల్సి వస్తే అదే సాక్ష్యం.